పుట్టింటి దారి

చెరుకు నరికే ఆ ముఠాలో ఆమెను అందరూ కొసక్క అనే పిలిచేవారు. వరసైనవాళ్లూ కానివాళ్లూ, తోటల రైతులూ, చివరికి ట్రాక్టరు డ్రైవరూ. ఏ తోటలో దిగినా ఓ పక్కన, కొండ కనబడే చిట్టచివరి సాలు ఆమెది, అందుకని ఆ పేరు. కొస సాలు నరికేవాళ్లకి పని తక్కువ, బాధ్యత ఎక్కువ. మిట్టమధ్యాహ్నం కత్తి దించి, నడుం మీద చెయ్యి వేసుకుని తోట వంక చూస్తూ నిలబడినా ఎవరూ సోమరిపోతు అనరు. ఆ చూడటమే ఆమె పని.

ఆ ఊళ్లన్నిటికీ చెరుకే ఆధారం. తోటల వెనక కొండ, కొండ మీద చిరుతలు. అవి కొండ మీదే ఉండిపోతే ఈ కథే లేదు. కానీ మనిషెత్తు దాటిన చెరుకు లోపల కొండ మీదకన్నా చల్లగా ఉంటుంది. పందులు దొరుకుతాయి, ఊరకుక్కలు దొరుకుతాయి, పక్కనే కాలువ నీళ్లు. ఏడాదిలో పది నెలలు మనిషన్నవాడు లోపలికి తొంగి చూడడు. కాపురానికి ఇంతకంటే ఏం కావాలి? పదకొండో నెలలో కత్తులు పట్టుకుని ముఠా వచ్చి పడుతుంది. అక్కడే వస్తుంది తంటా.

ముఠాలో చిరుత పేరు ఎత్తరు. 'ఇంటివాళ్లు' అంటారు. తోట నరకబోయే రోజు తెల్లవారగానే కొసక్క ఒక్కతే చుట్టూ తిరిగేది. గట్టు మీద దుమ్ము చూసేది, కాలువ ఒడ్డున బురద చూసేది. నాలుగు మూలలా ఆగి, చేతిలో ఉన్న రేకు డబ్బాని కత్తి వెనకతో మూడుసార్లు కొట్టి, ఊపిరి బిగబట్టి వినేది. పంది ఉంటే గుర్రుమంటుంది. నక్క ఉంటే ఆకు గలగలమంటుంది. కీచురాళ్లతో సహా అన్నీ నోరు మూసుకుంటే మాత్రం భయపడాలి. విని వచ్చి రెండు మాటల్లో ఒకటి చెప్పేది. "ఇంట్లో ఎవరూ లేరు" అంటే కత్తులు లేచేవి. "ఇంట్లో ఉన్నారు" అంటే ముఠా అన్నం మూటలు చంకన పెట్టుకుని ఇంకో తోటకి నడిచేది. మిల్లు లారీ వంతు తప్పిపోతుందని రైతు నెత్తీ నోరూ బాదుకున్నా ఆమె మాట మీద మాట లేదు. ఇరవై నాలుగేళ్లు ఆ మాట ఆమెదే. ఆ ఇరవై నాలుగేళ్లలో ముఠాలో ఒక్కరి ఒంటి మీద గోటి గీత పడలేదు.

అలాంటి కొసక్కకి రెండేళ్లుగా ఎడమ చెవి వినబడటం లేదు.

వానాకాలం జ్వరం ఒకటి వచ్చి పోతూ పోతూ ఆ చెవిని తీసుకుపోయింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పద్దెనిమిది మంది ప్రాణాలు తన చెవి మీద పెట్టుకుని తోటలో దిగుతుంటే, 'ఒకటి పోయిందర్రా, ఒకదానితో సర్దుకోండి' అని ఎలా చెప్పడం? చెబితే ఆ డబ్బా చేతిలోంచి పోతుంది. డబ్బా పోతే ఆమె ఎవరు? నడుం నొప్పితో రోజుకి నాలుగు కట్టలు కూడా కట్టలేని ఒక ముసలిది. అందుకని గుట్టుగా నెట్టుకొచ్చింది. అన్నాల దగ్గర ఎడమ పక్క గోడ వచ్చేలా కూర్చునేది. అందరూ నవ్వితే తనూ నవ్వేది. ఏదైనా మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేద్దామన్నా వదలడానికి ఆ చెవి లేకపోయిందని తనలో తను నవ్వుకునేది కూడా. అది నవ్వే సంగతి కాదని ఆమెకు తెలుసు. రాత్రుళ్లు తెలిసేది మరీ.

ఆ డబ్బా ఆమెకు తల్లి నుంచి వచ్చింది. కొసక్కకి తొమ్మిదేళ్లప్పుడు ముఠా తోటని నాలుగు వైపుల నుంచీ పోటీపడి నరుక్కుంటూ వచ్చింది. చివరికి నాలుగు మంచాలు పట్టేంత చెరుకు మిగిలింది. అందులోంచి వచ్చింది చిరుత, తల్లి మీదికి. చంపాలని కాదు, పోవడానికి. పోయే దారిలో ఆమె భుజం అడ్డొచ్చింది. ఆ కుడి చెయ్యి మళ్లీ కత్తి ఎత్తలేదు. అప్పటి నుంచి తల్లి నరకడం మానేసి వినడం మొదలుపెట్టింది. మూడు వైపులే నరకాలి, కొండ వైపు వదిలేయాలి, అక్కడ మనిషి నీడ కూడా పడకూడదని ముఠాకి కట్టుబాటు పెట్టింది ఆమే. "దారి మూసేస్తే అది మన మీదుగా దారి చేసుకుంటుందే" అని కూతురికి పదే పదే చెప్పేది. డబ్బా గుక్క తిప్పుకోకుండా మోగితే ఎక్కడివాళ్లు అక్కడ పని వదిలి కాలువ వైపు వెనక్కి వెనక్కి నడవాలని, పరిగెత్తకూడదని నేర్పింది కూడా ఆమే. ముఠాలో ఇప్పటికీ పిల్లలు నడక నేర్చే వయసులోనే ఆ వెనక నడక కూడా నేర్చుకుంటారు.

కొసక్కని పద్దెనిమిదేళ్లకి రెండు నదుల అవతలికి ఇచ్చారు. భర్త మంచివాడే. నాలుగో ఏట అతను పోయాక అత్తవారు "ఉంటే ఉండు" అన్నారు. ఆ మాట ఎలా అన్నారో విన్నవాళ్లెవరూ ఇక అక్కడ ఉండరు. ఏడాది పిల్లని చంకన వేసుకుని ఆమె పుట్టింటికి బయల్దేరింది. అసలు చిక్కు అక్కడే. నరుకుడు ముఠాకి ఇల్లెక్కడ? ఏ తోట నరుకుతుంటే ఆ గట్టు మీద పాకలు. కొసక్క పుట్టిందీ చెరుకాకు మీదే, తోట గట్టునే. మూడు ఊళ్లు తిరిగి, 'ముఠా ఎటు పోయింది' అని కనబడినవాళ్లనల్లా అడిగి, రెండోరోజు సాయంత్రానికి చెరుకాకు కాల్చిన పొగ వాసన పట్టుకుని పాకలు చేరింది. తల్లి గుమ్మంలో నిలబడి చూసింది. ఏమైందని అడగలేదు. "వచ్చావా. కాళ్లు కడుక్కో" అంది, అంతే. ఆ రెండు ముక్కలకి కొసక్క బతికినన్నాళ్లూ రుణపడింది.

చంకనెక్కి వచ్చిన ఆ పిల్లే ఇప్పుడు ముఠాలో చిన్నది. పెళ్లయి, ఇద్దరు పిల్లల్ని బడి ఉన్న ఊళ్లో అత్తగారి దగ్గర ఉంచి చదివించుకుంటున్నా ఆమె చిన్నదే. కట్టలు కట్టడంలో చెయ్యి చురుకు, మాటలో నిదానం. ఎక్కడ కూర్చున్నా, ఎక్కడ నడిచినా తల్లికి ఎడమ పక్కనే ఉండేది. అదేదో చిన్నప్పటి అలవాటనుకునేది కొసక్క.

ఆ రోజు దిగిన తోటకి పడమట కొండ, తూర్పున కాలువ. మోకాలి లోతు కాలువే. దాని అవతల అదే రైతుది ఇంకో చెరుకు తోట, అది ఇంకా నరకలేదు. తెల్లవారేసరికే రైతు గొడుగు పట్టుకుని గట్టు మీద తయారు. మధ్యాహ్నానికి లారీ వస్తుందని, ఈసారి వంతు తప్పితే మళ్లీ పన్నెండు రోజుల దాకా దిక్కులేదని ఆయన గోల. కొసక్క మూడు మూలలు చూసింది. మట్టిలో ఏమీ లేదు. ఎలా ఉంటుంది, ముందురోజు ఆయనే గట్టంతా నీళ్లు పెట్టించి చదును చేయించాడు. నాలుగోది కాలువ వైపు మూల. అక్కడ డబ్బా కొట్టి నిలబడింది. కుడి చెవి కాలువ వైపు, ఎడమ చెవి తోట వైపు. అలా నిలబడకూడదని రెండేళ్లుగా తనకి తను చెప్పుకుంటూనే ఉంది. ఆ రోజు రైతు కేకలకి మనసు చెదిరి అలాగే నిలబడిపోయింది.

నీళ్ల బిందెతో వచ్చిన చిన్నది పక్కనే ఆగింది. లోపల ఏదో సన్నగా కూసినట్టుందని, గొంతు మధ్యలో విరిగినట్టుందని నెమ్మదిగా చెప్పింది. పిట్టపిల్ల అయ్యుంటుందంది కొసక్క. పిట్ట కాదేమోనంది చిన్నది. గట్టు మీంచి రైతు చూస్తున్నాడు, ముఠా అంతా చూస్తోంది. ఇరవై నాలుగేళ్లలో ఆమె మాటకి ఎదురు రావడం అదే మొదలు, అదీ కడుపున పుట్టినదాని నోటి నుంచి.

"నాకు లేని చెవులు నీకొచ్చాయా?" అంది కొసక్క. అని అందరికీ వినబడేలా చెప్పింది, "ఇంట్లో ఎవరూ లేరు."

చిన్నది బిందె ఎత్తుకుని పక్కకి తప్పుకుంది. నలుగురిలో తల్లిని చిన్నబుచ్చడం ఇష్టం లేకపోయింది. కత్తులు లేచాయి.

మధ్యాహ్నానికి మూడు వైపుల నుంచీ నరుక్కుంటూ వచ్చారు. కొండ వైపు రెండిళ్లంత ముక్క మిగిలింది. దానికీ కాలువకీ మధ్య నేలంతా మోళ్లూ ఎండాకూ కట్టలూ. ఆడవాళ్లు కట్టలు కడుతున్నారు, డ్రైవరు కాలువ గట్టున ట్రాక్టరు ఇంజను ఆపకుండా కూర్చుని పాట పాడుతున్నాడు. అప్పుడు కొసక్క తన మూలలోంచి చూసింది. మిగిలిన చెరుకులో కొండ వైపు అంచున ఆకు కదిలింది. గాలి కాదు. ఆకుల మధ్య నుంచి ఒక తల బయటికొచ్చి కొండని చూసింది. ముందంతా ఖాళీ, మనిషి లేడు, రాయీ రప్పా పొదా ఉన్నాయి. హాయిగా పోవచ్చు. అది పోలేదు. కాసేపు చూసి, ఇష్టం లేని సంబంధం చూసినట్టు మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. తిరుగుతున్నప్పుడు తోక కనబడింది. తోకకి చివరి బెత్తెడు లేదు.

కొసక్కకి మొదట వచ్చిన ఆలోచన, పొద్దున చిన్నది చెప్పింది నిజమని. తన నోటితో తనే పద్దెనిమిది మందిని తెచ్చి ఇక్కడ నిలబెట్టిందని. ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి అది వేళ కాదు. రెండో ఆలోచన ఆ తోక.

నాలుగేళ్ల కింద కాలువ అవతలి తోటలో ఆమె తమ్ముడు, అంటే ముఠా మేస్త్రీ, ఆకు దూస్తుంటే కత్తి కింద పిల్లికూనంత కూన ఒకటి పడింది. ప్రాణం పోలేదు, తోక కొస తెగింది. ముఠా అంతా చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసి మూడు రోజులు ఆ గట్టు తొక్కలేదు. తల్లి వచ్చి కూనల్ని తీసుకుపోయింది. తమ్ముడు ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆ కూనే ఇప్పుడు పెద్దదై, తల్లై, ఇందులో ఉంది.

అప్పుడు అర్థమైంది ఆమెకి. తన తల్లి కాలంలో ఇంటివాళ్లు కొండ మీద పుట్టి చెరుకులోకి వచ్చేవి, తరిమితే కొండకే పోయేవి. ఇది కొండని ఎన్నడూ ఎరగదు. చెరుకులో పుట్టింది, చెరుకులో పెరిగింది. దీని పుట్టిల్లు కాలువ అవతల ఉంది. కష్టమొస్తే ఎవరైనా పుట్టింటికే పరిగెడతారు. ఈ మాట ఇంకెవరికి తెలిసినా తెలియకపోయినా కొసక్కకి తెలియాలి. ఆ పుట్టింటికి పోయే దారిలో ఇప్పుడు ముఠా మొత్తం కూర్చుని కట్టలు కడుతోంది.

చెయ్యి దానంతట అదే డబ్బా మీదికి పోయింది. కత్తి ఎత్తి ఆగింది. డబ్బా మోగితే ఏమవుతుంది? అందరూ లేచి కాలువ వైపు వెనక్కి నడుస్తారు. చిన్నప్పటి నుంచి నేర్పింది అదే, తన తల్లి నేర్పింది, తను నేర్పింది. సరిగ్గా దాని దారిలోకే నడుస్తారు, అదీ దానికి ఎదురుగా మొహం పెట్టి. ఇరవై నాలుగేళ్లు వాళ్ల ప్రాణాలు కాపాడిన చప్పుడు ఈ రోజు వాళ్లని చంపుతుంది. కొసక్క డబ్బాని మెల్లిగా, రేకు రాయికి తగలకుండా, నేల మీద పెట్టింది.

ఉత్తరం వైపు మోళ్ల మీదుగా నడిచి తమ్ముడి దగ్గరికి పోయింది. పరిగెత్తలేదు. కాలికి బుద్ధి చెప్పాలని ఒళ్లంతా గోలపెడుతున్నా నీళ్లకి పోతున్నదానిలా నడిచింది. సంగతి చెప్పింది. ఒక్కొక్కళ్లనీ చెవిలో చెప్పి లేపాలి, ఉత్తరం నుంచి చుట్టూ తిప్పి కొండ వైపు నిలబెట్టాలి, కాలువ వైపు మొత్తం ఖాళీ కావాలి. తమ్ముడు ఆమెని వింతగా చూశాడు. కొండ వైపు మనిషి నీడ పడకూడదన్నది వాళ్లమ్మ మాట.

"పొద్దున ఎవరూ లేరన్నావు కదక్కా" అన్నాడు.

"నాకు ఎడమ చెవి వినబడదురా. రెండేళ్లయింది. నేను వినలేదు, విన్నట్టు చెప్పాను" అంది కొసక్క.

అతని మొహం ఎలా మారిందో ఆమె చూడలేదు, చూసే ధైర్యం లేదు. అతను కత్తి కింద పెట్టి వెళ్లిపోయాడు. ఒక్కొక్కరే లేచారు. అన్నానికి పోతున్నట్టు, ఒకళ్ల వెనక ఒకళ్లు. డ్రైవరు పాట సగంలో ఆగింది, ట్రాక్టరు గట్టు వెంబడే నెమ్మదిగా ఊరి వైపు కదిలింది. గొడుగు కింద రైతు మాత్రం కొండ వైపు కదా వదలాలి, మీ పద్ధతే కదా అని మొదలుపెట్టాడు. మేస్త్రీ ఆయన గొడుగు మూసి, చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు. అందరూ దాటారు. చిన్నది దాటలేదు.

మిగిలిన చెరుకుకి ఇరవై అడుగుల దూరంలో, దానికి వీపు పెట్టి మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చేతిలో సగం కట్టిన కట్ట. అందరూ లేవడం ఆమె చూసింది. అయినా లేవలేదు. అమ్మాయికి వినబడలేదేమో, డబ్బా కొడతానని తమ్ముడు వెనక్కి వచ్చాడు. కొసక్క అతని మణికట్టు పట్టుకుని ఆపింది. తనే బయల్దేరింది.

పది అడుగుల దూరంలోకి వచ్చేసరికి చెరుకు అంచున ఆకు విడింది. తల, మెడ, ముందు కాళ్లు. నేలకి అంటుకుపోయి పడుకుని అది చిన్నదాని వీపు వంక చూస్తోంది. తోక ఇటూ అటూ కొట్టుకుంటోంది. కొసక్క ఆగిపోయింది. గుండె కొట్టుకునే చప్పుడు వినబడని చెవిలో కూడా వినబడింది.

"లేవకు. కట్ట కడుతూనే ఉండు. నీ వెనక ఇంటివాళ్లున్నారు" అంది, ఇంట్లో మాట్లాడుకునే గొంతుతో.

చిన్నదాని పెదాలు కదిలాయి. ఏదో అంది. గాలికి ఎండాకు గరగరలాడుతోంది, ట్రాక్టరు ఇంకా దూరం పోలేదు, కొసక్కకి ఒక్క ముక్క వినబడలేదు. కుడి చెవి అటు తిప్పాలంటే మొహం కాలువ వైపు తిప్పాలి. మొహం తిప్పితే చిరుత మీంచి కళ్లు తీయాలి. ఇరవై నాలుగేళ్లలో ఆమె ఎవరికీ చేయొద్దని చెప్పిన పని అది.

"వినబడలేదే. నాకు ఆ చెవి పోయింది" అంది.

"తెలుసమ్మా" అన్నట్టు పెదాలు కదిలాయి. ఆ ఒక్కటి పెదాల మీదే అర్థమైంది. మిగతాది కాలేదు.

కొసక్క మొహం తిప్పింది. బిడ్డ వెనక మృత్యువు పొంచి ఉంటే, దాన్ని చూడకుండా కాలువ వైపు చూస్తూ నిలబడింది. ఆమె బతుకులో అంత పొడుగు క్షణం ఇంకోటి లేదు. అప్పుడు వినబడింది.

"కూన ఉంది. ఈ కట్ట అవతల, నా కుడి పక్క, ఆకు కింద చిక్కుకుంది. ఏడుస్తోంది. నేను లేచి అటు పోతే దాని మీద కాలేస్తాను. పొద్దున విన్న గొంతు కాదు ఇది, ఇంకోటి. ఎటు జరగను?"

అందుకా లేవలేదు ఈ పిల్ల. చిరుతకీ కూనకీ మధ్య కూర్చుని ఉంది. తెలిసి, కదలకుండా కూర్చుని, తల్లి వచ్చి చెప్పేదాకా కట్ట కడుతోంది. కొసక్క మళ్లీ చిరుత వైపు తిరిగింది. అది రెండడుగులు ముందుకొచ్చి ఉంది.

"ఎడమకి. కూర్చునే జరుగు. దాని వంక చూడకు, నన్నే చూడు" అంది.

చిన్నది జరిగింది. ఒక మోకాలు, ఇంకో మోకాలు. మోళ్లు గుచ్చుకుని నెత్తురు వచ్చిన సంగతి తర్వాత చూసుకున్నారు. ఆరడుగులు, పదడుగులు. తల్లి దగ్గరికి వచ్చి ఆమె ఎడమ పక్కన, ఎప్పుడూ ఉండే చోట, ఆగింది. కొసక్క చెయ్యి చాపి ఆమె తలగుడ్డ గుప్పిట్లో పట్టుకుంది.

చిరుత లేచింది. వాళ్లిద్దరి వంకా ఒకసారి చూసింది. నేరుగా కట్ట అవతలికి పోయి, కాలితో ఆకు తోసి, కూనని మెడ దగ్గర నోట కరుచుకుంది. ఇప్పుడు ఎటు? కొండ వైపు మేస్త్రీ, అతని వెనక ముఠా అంతా వరసగా, బొమ్మల్లా నిలబడి ఉన్నారు. అది అటు చూడను కూడా లేదు. నరికిన కట్టల మధ్య నుంచి, పొద్దున్నుంచీ ఆడవాళ్లు కూర్చున్న చోటు మీదుగా, తూర్పుకి పోయింది. గట్టెక్కింది, కాలువలో దిగింది, కడుపు తడవకుండా దాటింది. అవతలి చెరుకు విడి మళ్లీ కలిసిపోయింది.

'కాళ్లు కడుక్కో' అన్న తల్లి గొంతు గుర్తొచ్చి కొసక్క అక్కడే కూలబడి ఏడ్చింది.

ఎవరూ కదలలేదు. అది మళ్లీ వచ్చి, మిగిలిన చెరుకులోంచి రెండో కూనని తీసుకుపోయింది. తర్వాత రాలేదు. పొద్దున విన్న గొంతు ఇంకా లోపలే ఉందని, ఆ విరిగిన గొంతు నీరసపడుతోందని చిన్నది చెప్పింది. మనుషులుంటే అది రాదని, పొద్దు వాలకముందే మేస్త్రీ అందర్నీ లేవదీశాడు. లారీ ఖాళీగా పోయింది. మర్నాడు చూస్తే చెరుకులో ఏమీ లేదు. తల్లి వచ్చిందో, నక్క వచ్చిందో, ఎండాకు కప్పిన ఆ నేల ఏమీ చెప్పలేదు.

ముఠాలో ఎవరూ కొసక్కని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. కడిగేస్తే పోయేదాన్ని కడగకుండా వదిలేశారు. తమ్ముడు మాత్రం మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు ఆమె కుడి పక్కకి వచ్చి కూర్చుని అన్నం తిన్నాడు. ఆ పూట కొసక్క డబ్బా తీసి కూతురి ఒళ్లో పెట్టింది.

"మట్టి నేను చూస్తా. నువ్వు విను" అంది. పెట్టాక చెయ్యి తీయడానికి కాసేపు పట్టింది. ఎన్నాళ్ల నుంచి తెలుసని అడిగింది. జ్వరం తగ్గిన వారానికేనని చిన్నది చెప్పింది. మరి ఎందుకు అనలేదంటే, నువ్వు దాస్తున్నావు కదా, నేనూ దాచాననంది. అందుకే ఎడమ పక్కన నడిచేదాన్నంది. కొసక్కకి కోపం, సిగ్గు, ప్రేమ మూడూ ఒకేసారి వచ్చాయి. ఏదీ చూపించకుండా గిన్నెలు కడగడానికి లేచిపోయింది.

పన్నెండు రోజులకి రైతుకి మళ్లీ లారీ వంతు వచ్చింది. ఈసారి కాలువ అవతలి తోట. పన్నెండు రోజుల్లో ఎప్పుడో పోయి ఉంటాయని ఆయన నమ్మకం, లేదా ఆశ. పొద్దున్నే గొడుగుతో తయారయ్యాడు. కొసక్క వంగి గట్టు చూసుకుంటూ నడిచింది. బురదలో ఒక పెద్ద పాదం గుర్తు ఉంది. నిన్నటిదో మొన్నటిదో, అంచులు ఎండి ఉన్నాయి. చిన్న పాదాలేవీ లేవు. కాలువ మూలన ఆగి కూతురికి చోటిచ్చి తను పక్కకి తప్పుకుంది.

చిన్నది మూడు దెబ్బలు కొట్టింది. ఊపిరి బిగబట్టింది. ముఠా అంతా ఆమె మొహం చూస్తుంటే కొసక్క కూడా, ఇరవై నాలుగేళ్లలో మొదటిసారి, తోటని కాకుండా మనిషి మొహాన్ని చూస్తూ నిలబడింది. అందులో ఏముందో వెతుక్కుంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చిన్నది ఒక వేలు మడిచింది. ఇంకోటి మడిచింది. కళ్లు మూసుకుని ఇంకా వింది. మూడో వేలు మడిచి కళ్లు తెరిచింది.

"ఇంట్లో ఉన్నారు" అంది. "నలుగురు, తల్లితో కలిపి. ఆ విరిగిన గొంతుది కూడా."

తమ్ముడు తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. ముఠా అన్నం మూటలు చంకన పెట్టుకుని పక్క ఊరి దారి పట్టింది. రైతు మాత్రం గొడుగు పట్టుకుని కొసక్కకి అడ్డం పడ్డాడు. ఈ పిల్లకేం తెలుసు, చిన్నపిల్ల, నీ మాట కావాలి, నువ్వు వినలేదా, నువ్వు చెప్పు అని గట్టిగా అడిగాడు.

"చెప్పింది కదయ్యా" అంది కొసక్క, పోతున్న ముఠా అంతటికీ వినబడేలా. "నాకంటే చెవుడు. నీకేమొచ్చింది?"